పికప్‌కి ఆల్ టెర్రైన్ టైర్లు ఎలా ఎంచుకోవాలి: మన నేల, మన లోడు, మన ఎండ లెక్కలో

తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్‌ని ఈ వ్యాసమంతటా ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఆ బండి మన దగ్గరే పుట్టింది. పొలం, చెరువు, క్వారీ, హైవే అన్నిటికీ దాన్నే వాడేవాళ్లు మనలో ఉన్నారు. టయోటా హైలక్స్ ఉన్నవాళ్లకీ ఇదే లెక్క పనికొస్తుంది, సైజులు మాత్రమే మారతాయి.

టైర్ల షాపులో అడుగుపెట్టగానే కళ్లు ముందుగా పడేది టైరు మొహం మీద. బటన్లు, అంటే పైకి లేచిన రబ్బరు దిమ్మలు, ఎంత పెద్దవి, పక్కన అక్షరాలు తెల్లగా ఉన్నాయా లేదా అని చూస్తాం. నిజానికి అవి చివర్లో చూడాల్సినవి. మీరు తిరిగే నేల, మీరు ఎక్కించే బరువు, బండికి కంపెనీ ఇచ్చిన సైజు ముందు తేల్చుకుని వెళ్తే, షాపులో మీ ముందు రెండో మూడో టైర్లే మిగులుతాయి. అప్పుడు మొహం చూసి ఎంచుకున్నా నష్టం లేదు.

మొదటి పని: ఒక నెల నేల లెక్క రాయండి

ఫోన్‌లోనో డైరీలోనో రోజూ సాయంత్రం ఒక్క వాక్యం చాలు. ఇవాళ ఎన్ని కిలోమీటర్లు తిరిగాం, అందులో తారు లేదా సిమెంటు రోడ్డు ఎంత, కంకర ఎంత, మట్టి ఎంత, వెనక లోడు ఉందా లేదా అన్నది రాసుకోండి. నోటిలెక్క నమ్మొద్దు. దిగబడిన రోజు గుర్తుంటుంది గానీ, హైవే మీద హాయిగా సాగిన రోజులు గుర్తుండవు. అందుకే చాలామంది తాము మట్టిలో తిరిగేది ఉన్నదానికంటే ఎక్కువ అనుకుంటారు.

నెలాఖరుకి తారు రోడ్డు వాటా పదిలో తొమ్మిది వంతులు దాటితే మీకు ఆల్ టెర్రైన్, అంటే తారు మీదా మట్టి మీదా తిరిగే ఏటీ టైరు, అవసరం లేదని నా అభిప్రాయం. కంపెనీ ఇచ్చే హైవే టైరే, అంటే హెచ్‌టీ రకమే, మళ్లీ వేయించుకోండి. తడి తారు మీద అది బాగా ఆగుతుంది, చప్పుడు తక్కువ, డీజిలూ కాస్త తక్కువ తాగుతుంది. పదిలో రెండు నుంచి నాలుగు వంతులు కంకర, మట్టి అయితే ఏటీ టైరు సరిగ్గా మీకోసమే. సగానికి మించి బురద, రాయి అయితే ఎంటీ, అంటే మడ్ టెర్రైన్ గురించి ఆలోచించాలి. కానీ రోజూ హైవే ఎక్కే బండికి ఎంటీ వద్దు. దాని చప్పుడు, అరుగుదల, వానలో బ్రేకు దూరం మూడూ బాధపెడతాయి. ఈ మధ్య ఏటీకి, ఎంటీకి మధ్యలో ఆర్‌టీ, అంటే రగ్డ్ టెర్రైన్ అనే రకం కూడా అమ్ముతున్నారు. చూడ్డానికి బాగుంటుంది. మన అవసరాల్లో చాలావాటికి అది ఎక్కువే.

రెండో పని: మీ నేల టైరుని ఏం చేస్తుందో తెలుసుకోండి

టైర్ల ప్రకటనల్లో రాసేది మన మట్టిని చూసి రాసింది కాకపోవచ్చు. మన నేలల సంగతి వేరు.

నల్లరేగడితో మొదలుపెడదాం. కర్నూలు, గుంటూరు, ఆదిలాబాద్ ప్రాంతాల్లో తిరిగేవాళ్లకి ఇది బాగా తెలుసు. ఎండిన రేగడి మీద ఏ టైరైనా పోతుంది. ఒక్క వాన పడితే అది బంకలా పట్టేసి బటన్ల మధ్య ఖాళీలన్నీ నింపేస్తుంది. రెండు చుట్లు తిరిగేసరికి ఏటీ టైరు గుండు టైరుతో సమానం. ఎంటీ టైరు బటన్ల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి తిరిగే వేగానికి మట్టిని బయటికి విసిరేసుకుంటుంది. ఏటీకి ఆ శక్తి తక్కువ. కాబట్టి తడి రేగడిలో, దున్నిన మాగాణిలో ఏటీ టైరు మిమ్మల్ని కాపాడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అక్కడ మిమ్మల్ని బయటపడేసేది ఫోర్ వీల్ డ్రైవ్‌లోని తక్కువ గేరు (4L), తాడు, పక్కింటివాళ్ల ట్రాక్టరు. వారానికోసారి రేగడి డొంకలో పోవాల్సి వస్తే, ఏటీల్లోనే బటన్ల మధ్య ఖాళీ ఎక్కువున్నదాన్ని, అంచు బటన్లు ఒకటి విడిచి ఒకటి ముందుకీ వెనక్కీ ఉన్నదాన్ని చూసుకోండి.

తెలంగాణ ఎర్ర చెలకలు, అనంతపురం గరప నేలలు ఏటీకి నిజమైన రాజ్యం. వదులు గులకరాయి మీద బటన్ల అంచులు పట్టు దొరికించుకుంటాయి. వానొచ్చినా నీరు త్వరగా ఇంకిపోతుంది. ఇక్కడ మధ్యరకం ఏటీ కూడా ఏ లోటూ లేకుండా పనిచేస్తుంది.

రాతి నేల సంగతి పూర్తిగా వేరు. చీమకుర్తి గ్రానైటు క్వారీల దారులు, కడప నాపరాతి గనులు, నల్లమల అంచుల్లో పదునైన రాళ్లు టైరు అడుగుని కోస్తాయి, పక్కగోడని చీలుస్తాయి. అడుగున పడ్డ రంధ్రానికి పంక్చరు వేయొచ్చు. పక్కగోడ చీలితే ఆ టైరు పని అంతటితో సరి. క్వారీ దారులు తిరిగేవాళ్లు బటన్ల అందం పక్కనపెట్టి పక్కగోడ ఎంత దళసరిగా ఉందో, అంచు బటన్లు పక్కకి ఎంతవరకు దిగాయో చూడాలి. బటన్ల మధ్య కాలువ అడుగున చిన్న చిన్న మెట్లలా ఉండేవి ఉంటాయి. ఇరుక్కున్న రాయిని బయటికి తోసేది అవే. రాతి దారుల్లో అవి లేని టైరు తీసుకోకండి. ఇరుక్కున్న రాయి తిరిగి తిరిగి రబ్బరులోకి దిగుతుంది.

గోదావరి లంకల్లో, సరుగుడు తోటల మధ్య ఇసుక దారుల్లో బటన్లకంటే గాలి ముఖ్యం. దాని గురించి కింద రాస్తాను. ఇక సర్కారు తుమ్మ ముల్లు. పొలాల గట్ల మీద తిరిగే ప్రతి బండికీ అది పగవాడే. ఏ ఏటీ టైరూ ముల్లుని పూర్తిగా ఆపదు, కానీ బటన్ లోతు ఎక్కువున్న కొత్త టైరులో ముల్లు లోపలిదాకా చేరడం తక్కువ.

కోస్తాలో ఇంకో ప్రమాదం ఉంది. తుపాను వానల్లో 16వ నంబరు జాతీయ రహదారి మీద నీరు పారుతుంటే టైరు ఆ నీటి మీద తేలిపోతుంది. బటన్ల మీద కత్తితో గీసినట్టు సన్నటి గీతలుంటాయి. తడి తారుని పట్టుకోవడంలో అవి సాయపడతాయి. కొన్ని మొరటు ఏటీల్లో ఈ గీతలు తక్కువ, మరికొన్నిటిలో పైపైనే ఉండి సగం అరిగేసరికి మాయమవుతాయి. కోస్తావాళ్లు ఈ గీతలు అడుగుదాకా దిగాయో లేదో వేలితో తడిమి చూడాలి.

మూడో పని: సైజు

పక్కగోడ మీద 255/60 ఆర్18 అని ఉంటుంది. 255 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 60 అంటే ఆ వెడల్పులో 60 శాతం పక్కగోడ ఎత్తు, అంటే 153 మిల్లీమీటర్లు. 18 అంటే అంగుళాల్లో డిస్కు. పైనా కిందా రెండు పక్కగోడలు, మధ్యలో 457 మిల్లీమీటర్ల డిస్కు కలిపితే టైరు మొత్తం ఎత్తు సుమారు 763 మిల్లీమీటర్లు. వీ-క్రాస్ మొదట్లో 245/70 ఆర్16 మీద వచ్చింది. తర్వాతి మోడళ్లకి 255/60 ఆర్18 ఇచ్చారు. మీ బండిది ఏదో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు చూడండి.

చాలామంది ఒక మెట్టు పెంచి 265/60 ఆర్18 వేస్తారు. దాని ఎత్తు 775 మిల్లీమీటర్లు. పెరిగింది 12. బండి నేల నుంచి లేచేది అందులో సగం, అంటే 6 మిల్లీమీటర్లే. మీటరు 100 చూపించినప్పుడు మునుపటికంటే సుమారు 1.6 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంటారు. ఇది పెద్ద తేడా కాదు. అదే 245/70 ఆర్16 తీసి 265/70 ఆర్16 వేస్తే ఎత్తు 749 నుంచి 777కి పోతుంది, తేడా 3.7 శాతం. ఓడోమీటరూ, గేర్ల లాగుడూ, బ్రేకూ అన్నీ మారతాయి. లోడుతో శ్రీశైలం ఘాటు ఎక్కేటప్పుడు ఒక గేరు తక్కువలో ఎక్కాల్సి రావడం అప్పుడు తెలుస్తుంది. మూడు శాతం నా గీత. దాన్ని దాటొద్దు.

నన్నడిగితే కంపెనీ సైజే వేయండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న తయారీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మడ్‌గార్డు దాటి బయటికి వచ్చే టైర్లు, వాటికోసం చక్రాన్ని బయటికి జరపడానికి వేసే స్పేసర్లు, వెడల్పు డిస్కులు తనిఖీలోనూ ఇన్సూరెన్సు దగ్గరా తలనొప్పి తెస్తాయి. వీల్ బేరింగుల మీదా భారం పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల కోసం ఇదంతా అక్కర్లేదు.

నాలుగో పని: లోడు సూచిక. దీని దగ్గర రాజీ పడొద్దు

సైజు పక్కనే 112హెచ్ లాంటి గుర్తు ఉంటుంది. అంకె ఒక్కో టైరు మోయగల బరువు, అక్షరం దాని వేగ పరిమితి. 108 అంటే 1000 కిలోలు, 109 అంటే 1030, 111 అంటే 1090, 112 అంటే 1120, 116 అంటే 1250. అక్షరాల్లో క్యూ అంటే గంటకి 160 కిలోమీటర్లు, ఆర్ 170, ఎస్ 180, టీ 190, హెచ్ 210. ఏటీ టైర్లకి హెచ్ కంటే తక్కువ అక్షరం ఉండటం మామూలే. పికప్‌తో మనం పోయే వేగానికి ఎస్, టీ సరిపోతాయి. అయినా కంపెనీ మాన్యువల్ తక్కువ అక్షరాన్ని ఒప్పుకుంటుందో లేదో ఒకసారి చూసుకోండి.

అంకె మాత్రం కంపెనీ ఇచ్చినదానికి సమానమో ఎక్కువో ఉండాలి, ఒక్క అంకె కూడా తగ్గకూడదు. పికప్‌లో బరువంతా వెనక ఇరుసు మీద పడుతుంది. ఎరువు బస్తాలో రొయ్యల మేత బస్తాలో నింపితే ముందు టైర్ల మీద భారం పెద్దగా పెరగదు, వెనకవి మాత్రం నలిగిపోతాయి. బండి మొత్తం బరువుని నాలుగుతో భాగించి సరిపోయిందనుకుంటే తప్పు. ఆర్సీలో ఖాళీ బరువు, స్థూల బరువు రెండూ ఉంటాయి. లోడెక్కించాక వేబ్రిడ్జి మీద వెనక చక్రాలు మాత్రమే నిలబెట్టి ఒకసారి తూకం వేయించండి. ఆ అంకెని రెండుతో భాగిస్తే ఒక్కో వెనక టైరు మోసేది తెలుస్తుంది. టైరు మోయగల బరువు దానికంటే కొంత ఎక్కువే ఉండాలి. మే నెల ఎండలో రాయలసీమ రోడ్ల మీద లోడు మించిన టైరు లోపలి వేడితోనే పగులుతుంది. ఇది ప్రాణాల సంగతి.

ఇక ఎల్‌టీ గురించి. కొన్ని ఏటీ టైర్ల సైజు ముందు ఎల్‌టీ అని ఉంటుంది, అంటే లైట్ ట్రక్. వాటికి సీ, డీ, ఈ అని తరగతులు. పాత పద్ధతిలో 6, 8, 10 ప్లై అంటారు. లోపల నిజంగా పది పొరలు ఉండవు, అది బలానికి గుర్తు మాత్రమే. ఎల్‌టీ టైరు పక్కగోడ గట్టిది, రాళ్లకి బాగా తట్టుకుంటుంది. బదులుగా బరువెక్కువ, ధరెక్కువ, అదే బరువు మోయడానికి గాలి ఎక్కువ కావాలి. వీ-క్రాస్ వెనక ఉన్నవి కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు). బెడ్, అంటే వెనక తొట్టి, ఖాళీగా ఉంటే మామూలుగానే ఎగిరెగిరి పడుతుంది. దానికి ఎల్‌టీల్లో ‘ఈ’ (E) తరగతి టైరు తోడైతే వెనక సీట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టలేరు. క్వారీ పని రోజూ ఉంటే ఎల్‌టీ సీ తరగతి తీసుకోండి. ఇంటి అవసరాలకీ, పొలానికీ ఎల్‌టీ లేని మామూలు ఏటీ చాలు.

ఐదో పని: షాపులో చూడాల్సినవి

బీఎఫ్‌గుడ్రిచ్ 1976లో తెచ్చిన ఆల్ టెర్రైన్ టీ/ఏ తర్వాత ఈ రకానికి పేరొచ్చింది. ఇప్పటికీ చాలామంది దాని కోసమే అడుగుతారు. పక్కగోడ బలానికి అది మంచి ఎంపికే. కానీ 2020 జూన్ నుంచి టైర్ల దిగుమతి మీద ఆంక్షలున్నాయి కాబట్టి విదేశీ టైరైతే తర్వాత ఒకటి కావాలంటే అదే దొరుకుతుందా అని అడిగి మరీ కొనాలి. యోకోహామా జియోలాండర్ ఏ/టీ, అపోలో ఆప్టెరా ఏటీ2, ఎంఆర్ఎఫ్ వాండరర్, జేకే రేంజర్ లాంటివి మన దుకాణాల్లో కనిపిస్తాయి. ఒకే పేరు కింద హైవే రకం, ఏటీ రకం రెండూ ఉండొచ్చు కనుక పక్కగోడ మీద ఏ/టీ అని ఉందో లేదో చదవండి. నా మొగ్గు ఊళ్లో డీలరు ఉన్న బ్రాండు వైపే. అడవి దారిలో చీలిన టైరుకి జోడీ అదే వారంలో దొరకడం, ఆ బ్రాండు ప్రపంచమంతా గొప్పదనిపించుకోవడంకంటే మీకు ఎక్కువ ఉపయోగం.

పక్కగోడ మీద ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. ఏడాది దాటిన టైరు ఇస్తే తిరస్కరించండి. నాలుగూ దాదాపు ఒకే సమయంలో తయారైనవి అడగండి. బిల్లు మీద టైరు సీరియల్ నంబర్లు రాయించుకోండి, వారంటీ అడగాలంటే అవి కావాలి. మూడు శిఖరాల కొండ మధ్యలో మంచురేకు (స్నోఫ్లేక్) గుర్తు ఉంటే అది గట్టి మంచుకి పనికొచ్చే టైరు. లద్దాఖ్ వెళ్లేవాళ్లకీ, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో పికప్ నడిపే మనవాళ్లకీ అది కావాలి. విజయవాడలో తిరిగే బండికి దాని కోసం డబ్బు ఎక్కువ పెట్టనక్కర్లేదు.

రెండు టైర్లే మార్చి మిగతావి తర్వాత చూద్దాం అనుకోవద్దు. వీ-క్రాస్ ఫోర్ బై ఫోర్ పార్ట్ టైమ్ రకం, అంటే అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకీ శక్తి ఇస్తుంది. ముందు వెనక ఇరుసులు ఒకే వేగంతో కలిసిపోయినప్పుడు టైర్ల ఎత్తులు వేరైతే ముందు వెనక ఇరుసులకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒత్తిడి పడుతుంది. నాలుగూ ఒకే మోడలు, ఒకే సైజు. వీలైతే స్టెప్నీ కూడా.

ఆరో పని: బిగించే రోజు

మొదట స్టెప్నీ కొత్త సైజులో బెడ్ కింద దాని స్థలంలో పడుతుందో లేదో చూడండి. చాలామంది ఇది మరిచిపోయి తర్వాత స్టెప్నీని బెడ్‌లో వేసుకుని తిరుగుతుంటారు.

నాలుగింటికీ బ్యాలెన్సింగ్, తర్వాత వీల్ అలైన్‌మెంట్. ఆపైన స్టీరింగు ఇటు పూర్తిగా, అటు పూర్తిగా తిప్పి ముందుకీ వెనక్కీ కదిపించి, లోపలి ప్లాస్టిక్కుకీ మడ్ ఫ్లాపుకీ సస్పెన్షన్ పై ఆర్మ్‌కీ టైరు తగులుతోందో లేదో దీపం వేసి చూడండి. స్పీడు బ్రేకరు మీద కూడా ఒకసారి చూడాలి, సస్పెన్షన్ అణిగినప్పుడు తగలడం వేరుగా ఉంటుంది. నట్లు గన్‌తో బిగించి వదిలేయకుండా బిగింపు కొలిచే టార్క్ రెంచితో చివరి బిగింపు వేయమనండి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగింపు చూసుకోండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు కొత్త రబ్బరు జారుతుంది, వానలో జాగ్రత్త.

ఏడో పని: గాలి

కంపెనీ స్టిక్కరు మీద ఖాళీ బండికి ఒక అంకె, లోడుకి ఇంకో అంకె ఉంటాయి. వెనక టైర్లకి ఈ రెండింటి మధ్య తేడా ఎక్కువ. లోడు వేసే ముందు గాలి కొట్టించడం, దింపాక తగ్గించడం అలవాటు చేసుకుంటే టైరు నిండా ఆయుష్షు ఇస్తుంది. గాలి చూసేది ఉదయం, బండి కదలకముందు. వాతావరణం ఐదారు డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం వేడెక్కిన టైరులో అంకె ఎక్కువ కనిపించిందని గాలి తీసేయకండి, చల్లారాక అది తక్కువైపోతుంది. నైట్రోజన్ మీద డబ్బు పెట్టాల్సిన పనిలేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్.

కొత్త ఏటీకి సరైన గాలి తెలుసుకోవడానికి సుద్దముక్క పద్ధతి ఉంది. టైరు మొహం మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దళసరిగా సుద్దగీత గీసి, సమతలంగా ఉన్న తారు మీద నిటారుగా కొద్ది దూరం నడపండి. గీత మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. సమానంగా చెరిగేదాకా రెండేసి పీఎస్‌ఐ మార్చి చూడండి. స్టిక్కరు అంకె కంటే మాత్రం కిందికి పోవద్దు. ఖాళీ బండికి ఒకసారి, మామూలు లోడుకి ఒకసారి చేసి రెండు అంకెలూ డ్యాష్‌బోర్డు పెట్టెలో రాసి పెట్టుకోండి.

ఇసుకలో దిగేముందు 18 నుంచి 20 పీఎస్‌ఐకి తగ్గిస్తే టైరు పొడవుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. కంకర, రాతి దారుల్లో కొద్దిగా తగ్గిస్తే కోతలు, కుదుపులు రెండూ తగ్గుతాయి. అలా తగ్గించినప్పుడు మెల్లగా పోవాలి, ఒక్కసారిగా స్టీరింగు తిప్పకూడదు, బెడ్‌లో బరువు ఉండకూడదు. తారు ఎక్కేముందు తిరిగి నింపకపోతే పక్కగోడ వేడెక్కి పాడవుతుంది. అందుకే పన్నెండు వోల్టుల కంప్రెసరు, మంచి గేజి, ట్యూబ్‌లెస్ పంక్చరు కిట్టు మూడూ ఏటీ టైర్లతోపాటే కొనండి. వీటి ఖర్చు టైర్ల ముందు చాలా చిన్నది.

ఎనిమిదో పని: మార్పిడి, తీసేయాల్సిన సమయం

ఏటీ బటన్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి ఎగుడుదిగుడుగా అరగడం మొదలైతే చప్పుడు భరించలేం. 8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చండి, స్టెప్నీ అదే సైజైతే దాన్నీ చుట్టులో కలపండి. ప్రతిసారీ అరచేత్తో బటన్ల మీద ఇటూ అటూ నిమరండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా తగిలితే అలైన్‌మెంట్ చూపించాలి. అడుగున ముల్లో మేకో దిగితే లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్, అంటే పుట్టగొడుగు ఆకారపు అతుకు, వేయించండి. పక్కగోడకి ఎవరు ఏ అతుకు వేస్తామన్నా ఒప్పుకోకండి.

చట్టం ప్రకారం బటన్ లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, పక్కగోడ మీద టీడబ్ల్యూఐ (అరుగుదల సూచిక) గుర్తు ఉన్నచోట కాలువలో ఆ లోతుని చూపే చిన్న గట్టు కనిపిస్తుంది. ఏటీ టైరు మట్టిలో పనికిరాకుండా పోయేది అంతకంటే చాలా ముందే. లోతు 4 మిల్లీమీటర్లకి వచ్చేసరికి తడి నేలలో పట్టు పోతుంది, వానాకాలం ముందు ఆ స్థితిలో ఉంటే జూన్ రాకముందే మార్చేయండి. లోతు మిగిలున్నా ఆరేళ్లు నిండిన టైరు పక్కగోడల్లో సన్నటి పగుళ్లు వచ్చాయేమో ప్రతి సర్వీసులో చూపించండి, కనిపిస్తే ఆ టైరుని లోడు బండికి వాడొద్దు.